అప్‌డేట్: ఇద్దరినీ నేరుగా అడిగేశాను

‘పని బాగా చేస్తానని నాకు తెలుసు, కానీ తోటివాళ్లు నన్ను తక్కువగా చూస్తున్నారనిపిస్తోంది. ఎవరి లెక్క నిజం?’ అని నెల క్రితం అడిగాను. ఊహించుకోవడం మాని, నమ్మకమైన ఇద్దరిని అడగమని మీలో చాలామంది చెప్పారు. అడిగాను.

మొదటి సహోద్యోగి చెప్పింది విని నాకు నోట మాట రాలేదు. సమావేశాల్లో నా మౌనాన్ని ఆమె ఇన్నాళ్లూ పొగరు అనుకుందట. తప్పు మాట్లాడతానేమోనని నేను బిగుసుకుపోయిన ఆ నిమిషాల్లోనే, తన మాటలు నాకు నచ్చడం లేదేమోనని ఆమె నలిగిపోయిందట. తలుచుకుంటే ఇప్పటికీ మనసు చివుక్కుమంటుంది. రెండో వ్యక్తి మాత్రం నా నివేదికలు ఆలస్యమవుతున్నాయన్నారు. అది నిజమే. ఆ మాట నా పనికి సంబంధించినదని, నా విలువకు కాదని ఒప్పుకోవడానికి రెండు రోజులు పట్టింది.

ఒకరు సూచించిన 2018 నాటి పరిశోధన గురించి కూడా చదివాను. కొత్తగా పరిచయమై మాట్లాడుకున్నాక, ఎదుటివారికి మనం నిజంగా ఎంత నచ్చామో అంతకంటే తక్కువే నచ్చామని అనుకుంటామట. ‘లైకింగ్ గ్యాప్’ అని దానికి పేరు. ఇతరుల కళ్లలో మనం ఎలా ఉన్నామని ఊహించుకుంటామో, దాన్నిబట్టే మన గురించి మనకు అభిప్రాయం ఏర్పడుతుందని సామాజిక శాస్త్రవేత్త చార్లెస్ కూలీ 1902లోనే రాశారు. ఊహించుకోవడం అన్న మాట దగ్గరే చాలాసేపు ఆగిపోయాను.

నిన్నటి సమావేశంలో రెండుసార్లు మాట్లాడాను. రెండోసారి గొంతు వణికింది. ఆమె నా వైపు చూసి తల ఊపింది. ఈ వారం నివేదిక గడువుకు ఒక రోజు ముందే ఇచ్చాను.