రాజుగారి పక్షం పట్టిన డాక్టరు భూములు మనవడికి దక్కాయి. ఇది న్యాయమేనా?

కెన్నెబెక్ ఒడ్డున (చర్చ మొదలుపెట్టినవారు):
ఉద్యోగరీత్యా మేన్ రాష్ట్రంలో ఎనిమిదేళ్లుగా ఉంటున్నాను. ఇక్కడ కెన్నెబెక్ నదికి పడమటి ఒడ్డున గార్డినర్ అనే ఊరు, తూర్పు ఒడ్డున పిట్‌స్టన్. పిట్‌స్టన్‌లో రూబెన్ కోల్‌బర్న్ అనే ఓడలు కట్టే ఆయన ఇల్లు ఇప్పటికీ ఉంది. బ్రిటన్ మీద స్వాతంత్ర్య యుద్ధం జరిగే రోజుల్లో, 1775లో క్యూబెక్ మీదికి బయల్దేరిన అమెరికన్ సేనకు, సర్వసేనాని వాషింగ్టన్ చెప్పాడని, 200 పడవలు కట్టించి ఇచ్చాడు. ఆ బాకీ కోసం ఏళ్ల తరబడి అర్జీలు పెట్టుకున్నాడు. పూర్తిగా రాకుండానే పోయాడు.

అవతలి ఒడ్డు ఊరికి పేరు వచ్చింది డాక్టర్ సిల్వెస్టర్ గార్డినర్ వల్ల. బోస్టన్‌లో పేరున్న వైద్యుడు, అంతకంటే పెద్ద మందుల వర్తకుడు. ఈయనది బ్రిటిష్ రాజుగారి పక్షం. 1776 మార్చిలో బ్రిటిష్ సైన్యం బోస్టన్ ఖాళీ చేసినప్పుడు తనూ ఓడెక్కి హాలిఫాక్స్‌కి, అక్కణ్నుంచి ఇంగ్లండ్‌కి పోయాడు. 1778లో మసాచుసెట్స్ ఆయన్ని బహిష్కృతుల జాబితాలో చేర్చింది (మేన్ అప్పటికి మసాచుసెట్స్‌లోదే). అయినా కెన్నెబెక్ భూములు జప్తు కాలేదు. వేసిన దావాలో లోపం ఉందని మళ్లీ మొదటికొచ్చారు, అది తేలకముందే యుద్ధం ముగిసి సంధి కుదిరింది, కేసు అక్కడితో ఆగింది. భూములు మనవడి చేతికొచ్చాయి.

పడవలిచ్చినాయన అర్జీలు పట్టుకుని తిరిగాడు, ఓడెక్కి పోయినాయన పేరు ఊరికి నిలిచింది. ఇది న్యాయమంటారా?

మాత్రబిళ్ల:
మందుల దుకాణం నడిపేదాన్ని కాబట్టి డాక్టరు గారి తరఫున నేను నిలబడతా. ముందు ఆయన వైద్యుడు అన్న సంగతి మర్చిపోకండి. రోడ్ ఐలండ్‌లో భూములున్న ఇంట్లో పుట్టాడు. అర్భకుడు. వ్యవసాయానికి పనికిరాడని బావగారు (అక్క భర్త, ఆంగ్లికన్ పాదిరి మాక్‌స్పారన్) మామగారికి నచ్చజెప్పి చదువుకి పంపించాడు. లండన్, పారిస్‌లలో ఎనిమిదేళ్లు చదివాడు. 1741లో బోస్టన్ వైద్య సంఘం వాళ్ల కళ్లెదుట ఆరేళ్ల పిల్లాడి మూత్రాశయంలోంచి రాయి తీశాడు. మత్తు మందు ఇంకా నూరేళ్లకు గానీ రాలేదు, గుర్తుంచుకోండి. నలుగురు ఒడిసి పట్టుకుంటే నిమిషాల్లో ముగించాల్సిన పని అది.

తర్వాతే కొట్టు. మార్ల్‌బరో వీధిలో ఒంటికొమ్ము గుర్రమూ రోలూ బొమ్మ గుర్తుగా వేలాడేది. లండన్ నుంచి సరుకు టోకున తెప్పించి చుట్టుపక్కల వైద్యులందరికీ వేసేవాడు. కనెక్టికట్‌లోని హార్ట్‌ఫర్డ్‌లో ఒక భాగస్తుణ్ని పెట్టి అదే గుర్తుతో ఇంకో కొట్టు నడిపించాడు. ఇప్పుడు దాన్ని చెయిన్ స్టోర్స్ అంటాం! "వైద్యుడు మందులమ్ముకోవడమేంటి" అనకండి. లండన్‌లో వైద్యుడు వేరు, మందులు నూరేవాడు వేరు. వలస రాజ్యాల్లో అంత పట్టింపు లేదు, చీటీ రాసిన చెయ్యే పొట్లం కట్టేది.

ఇంకొకటి. ఆయన వదిలిపోయిన మందుల నిల్వ అంతా వాషింగ్టన్ తన సైన్యం ఆస్పత్రికి తీసుకున్నాడు. అత్త సొమ్ము అల్లుడు ధారపోసినట్టు. ఆయన దగ్గర తీసుకోవాల్సింది అప్పుడే తీసుకున్నారు కదా?

దారిన పోయే దానయ్య:
కోల్‌బర్న్ పడవల్లో ఎక్కి పోయిన సేనాని ఎవరనుకున్నారు? బెనెడిక్ట్ ఆర్నల్డ్. ఆయనా మందుల కొట్టువాడే! నార్విచ్‌లో లాత్రప్ అన్నదమ్ముల దగ్గర పని నేర్చుకుని న్యూ హేవెన్‌లో కొట్టు పెట్టాడు. తర్వాత బ్రిటిష్ వైపు దూకాడని అందరికీ తెలుసు. మందుల వాళ్లని నమ్మకూడదు 😄

మాత్రబిళ్ల:
దానయ్య గారూ, ఈసారి దగ్గు మందుకి మా కొట్టుకే రండి. అప్పుడు మాట్లాడుకుందాం.

సర్వే నంబరు:
మీరంతా మందుల దగ్గరే ఆగిపోయారు. అసలు ఆ భూమి ఆయనదెలా అయిందో చూడండి.

ఈ భూముల మీద ప్లిమత్ అనే పాత ఇంగ్లిష్ కాలనీకి, రాజుగారి అనుమతి పొందిన న్యూ ఇంగ్లండ్ కౌన్సిల్ ఇచ్చిన పట్టా ఉంది. 1661లో ఆ హక్కుని నలుగురు బోస్టన్ వర్తకులు 400 పౌన్లకి కొన్నారు. నదికి ఇటు పదిహేను మైళ్లు, అటు పదిహేను మైళ్లు! అబెనాకీ అనే ఆదివాసీ జనం తరతరాలుగా అక్కడే చేపలు పట్టుకుని, మొక్కజొన్న వేసుకుని బతుకుతున్నారు. దాదాపు తొంభై ఏళ్లు ఆ పట్టా పెట్టెలో పడి ఉంది. 1749లో వారసులు, కొత్తగా వాటాలు కొన్నవాళ్లు కలిసి దుమ్ము దులిపారు. 1753లో కంపెనీ అయింది. అందులో పెత్తనమంతా మన డాక్టరు గారిదే. మరుసటి ఏడే కంపెనీ సొంత ఖర్చుతో ఇప్పటి అగస్టాలో ఫోర్ట్ వెస్టర్న్ కట్టించింది. పౌనల్‌బరోలో కోర్టు భవనం కూడా కంపెనీయే కట్టించింది. అంటే తమ భూమి తగాదాలు తాము కట్టిన కోర్టులోనే నడుస్తాయన్నమాట. 1765లో అక్కడికి గుర్రమెక్కి వచ్చి కంపెనీ తరఫున వాదించి గెలిచిన కుర్ర లాయరు పేరు జాన్ ఆడమ్స్. ఆయనే తర్వాత అమెరికా అధ్యక్షుడు.

కాబట్టి కెన్నెబెక్ గారూ, కోల్‌బర్న్‌కి న్యాయం, గార్డినర్‌కి న్యాయం అని తూకం వేసేముందు, తక్కెడలో మూడో పళ్లెం ఒకటుండాలి. అబెనాకీలది.

కెన్నెబెక్ ఒడ్డున:
ఒప్పుకుంటా. ఇక్కడ వాగు పేరు కోబోస్సీకాంటీ. స్టర్జన్ చేపలు దొరికే చోటని ఆ పేరుకి అబెనాకీలో అర్థం చెబుతారు. ఆ వాగు నదిలో కలిసే చోటే డాక్టరు గారు మరలు పెట్టాడు. పేరు వాళ్లది మిగిలింది, అంతే.

పాత కాగితం:
ఆ మరల సంగతి కూడా న్యాయంగా చెప్పండి. బోస్టన్‌లో కూర్చుని పట్టా పట్టుకుని వడ్డీలు లెక్కేసుకునే భాగస్తులు చాలామంది. ఈయన మాత్రం 1760ల మొదట్లో మనుషుల్ని పంపి, వాగు మీద ధాన్యం విసిరే మర, కలప కోసే మర పెట్టించి, ఇళ్లు కట్టించాడు. ఎగువ గుడిసెల వాళ్లు పిండి కావాలంటే పడవేసుకుని ఇక్కడికే రావాలి. అలా వచ్చిన జనంతోనే ఊరైంది. నేను ఆయన భక్తుణ్ని కాను. కానీ డబ్బు పెట్టినవాడికి, పెట్టనివాడికి తేడా చూడాలిగా.

సర్వే నంబరు:
డబ్బు ఆయనది, చెమట ఎవరిది? యుద్ధం తర్వాత చెట్లు కొట్టి, రాళ్లేరి పొలం చేసుకున్న వాళ్లని కంపెనీ వారసులొచ్చి "ఇది మాది, కొనుక్కో, లేదా లే" అన్నారు. ఆ రైతులు ఆదివాసీల వేషాలు వేసుకుని సర్వేయర్లని తరిమారు. 1808లో చట్టం చేశారు, బాగుచేసిన నేలకి జ్యూరీ ఖరీదు కట్టాలని. అయినా 1809లో మాల్టాలో (ఇప్పుడు విండ్సర్) పాల్ చాడ్విక్ అనే అతను భూమి కొలిచే పనిలో ఉండగా కాల్చి చంపారు. మర పెట్టించిన పుణ్యంతో పాటు ఇదీ ఖాతాలో రాయండి.

అమ్మమ్మ ఇల్లు:
ఇంతసేపూ కుటుంబం ఊసే ఎవరూ ఎత్తలేదు. నాకైతే అసలు కథ అక్కడే ఉంది.

డాక్టరు గారికి మొదటి భార్య ఆన్ గిబ్బిన్స్. ఆవిడ తండ్రీ బోస్టన్ వైద్యుడే. ఇద్దరు కొడుకులు, నలుగురు కూతుళ్లు. కొడుకు జాన్ లండన్‌లో బారిస్టరై, రాజుగారి ప్రభుత్వాన్ని ఎదిరించిన జాన్ విల్క్స్ తరఫున వాదించాడు. యుద్ధం తర్వాత బోస్టన్ తిరిగొచ్చి, తండ్రి ఒకప్పుడు ధర్మకర్తగా ఉన్న కింగ్స్ చాపెల్ చర్చిలోనే, 1785లో ప్రార్థన పుస్తకంలోంచి త్రిత్వం (తండ్రి, కుమారుడు, పరిశుద్ధాత్మ ముగ్గురూ ఒకే దేవుడనే నమ్మకం) మాటలు తీయించిన వాళ్లలో ముందున్నాడు. తండ్రి ఆంగ్లికన్ పద్ధతి తూచ తప్పనివాడు. ఆయన 1785లో దేశానికి తిరిగొచ్చి, 1786 ఆగస్టులో న్యూపోర్ట్‌లో కన్ను మూశాడు. వీలునామాలో కోబోస్సీకాంటీ భూములు జాన్‌కి ఇవ్వలేదు. రెండో కొడుకు విలియంకి రాశాడు. అతనికి పిల్లలు లేకపోతే కూతురు హన్నా కొడుకు రాబర్ట్ హాలోవెల్‌కి చెందాలన్నాడు. షరతేంటో తెలుసా? మనవడు గార్డినర్ అని ఇంటిపేరు మార్చుకోవాలి!

విలియం మరుసటేడే పోయాడు. అప్పటికి రాబర్ట్‌కి అయిదేళ్లు. మనకి దౌహిత్రుడు అని ఒక మాటే ఉంది, దత్తత పోతే ఇంటిపేరు మారడమూ తెలుసు. అందుకే ఇది చదివినప్పుడు ఎక్కడో బోస్టన్ కథలా అనిపించలేదు, మా తాతయ్య వీలునామా చుట్టూ మామయ్యలు కూర్చున్న సాయంత్రం గుర్తొచ్చింది. కొడుకుతో పంతం, వంశం పేరు మీద మమకారం, రెండూ ఒకే కాగితంలో పెట్టాడు. జాన్ మాత్రం పౌనల్‌బరోలో ఉంటూ శాసనసభకి వెళ్లేవాడు, 1792లో నాటకాల మీద నిషేధం ఎత్తేయాలని సభలో గట్టిగా వాదించాడు. 1793లో సభకి వెళ్తుంటే ఓడ మునిగి పోయాడు. న్యాయం గురించి అడుగుతున్నారు కదా కెన్నెబెక్ గారూ, కొత్త దేశం వైపు మొగ్గిన కొడుక్కి అందనిది, రాజుగారి సుంకాల అధికారి కొడుక్కి అందింది. హన్నా భర్త ఉద్యోగం అదే.

మాత్రబిళ్ల:
అక్కా, స్వార్జితం ఎవరికి రాసుకుంటే ఏం? ఆయన ఇష్టం.

అమ్మమ్మ ఇల్లు:
ఇష్టమేనమ్మా. ఇష్టానికి న్యాయమని పేరు పెట్టొద్దంటున్నా, అంతే.

సియాటిల్ వాన:
చిన్న సమాచారం. కోప్లీ అనే ఆనాటి చిత్రకారుడు వేసిన ఈ డాక్టరు గారి చిత్రం మా సియాటిల్ ఆర్ట్ మ్యూజియంలోది. నాలుగేళ్ల క్రితం దాని ముందు ఆగాను, ఎవరో తెలియక ముందుకెళ్లిపోయాను. మళ్లీ వెళ్లి చూస్తా.

కెన్నెబెక్ ఒడ్డున:
అందరివీ చదివాక నా మాట కొంత వెనక్కి తీసుకుంటున్నా. కోల్‌బర్న్‌కి బాకీ పడింది కాంగ్రెస్ (అమెరికా కేంద్ర సభ). గార్డినర్ కాదు. ఒకరి భూమి లాక్కుంటే ఇంకొకరి బాకీ తీరేదన్నట్టు రాశాను, ఆ లెక్క తప్పు. కోల్‌బర్న్ బాకీ మీద వేరే చర్చ పెడతాను.

సర్వే నంబరు:
వేరే చర్చ ఎందుకండీ? జప్తు చేసిన భూములు అమ్మింది ఖజానా నింపుకోవడానికే కదా. దావా సరిగ్గా వేసి ఉంటే ఆ డబ్బులో కొంతైనా నది అవతలికి చేరేదేమో.

పాత కాగితం:
చేరేది కాదు. ఆ ఖజానా మసాచుసెట్స్‌ది, ఆ బాకీ కాంగ్రెస్‌ది. ఒక ఆఫీసు బాకీకి ఇంకో ఆఫీసులో చెక్కు ఎవరిస్తారండీ?