మన నగరాలకూ పర్యావరణ కమిషన్ కావాలా? ఉన్న కమిటీలు చాలవా?

సముద్రపుగాలి (శాన్ ఫ్రాన్సిస్కో):

నేను పుట్టి పెరిగింది హైదరాబాద్‌లో ఈసీఐఎల్ దగ్గర, ఇప్పుడుండేది శాన్ ఫ్రాన్సిస్కోలో. ఈ నగరానికి సొంతంగా ఒక పర్యావరణ కమిషన్ ఉంది. సభ్యులు ఏడుగురు, నియమించేది మేయర్. 1990లలో ఓటర్లు ఓటేసి మరీ దీన్ని నగర చార్టర్‌లో పెట్టించారు, కాబట్టి రేపొచ్చే మేయర్‌కి నచ్చకపోయినా ఎత్తేయలేరు. మీటింగ్ అజెండా 72 గంటల ముందే బయటపెట్టాలి. ఎవరైనా వెళ్లి మైకు ముందు నిలబడి అడగొచ్చు, కడిగేయొచ్చు కూడా. నగర పర్యావరణ శాఖ ఏ దారిన పోవాలో ఇక్కడ తేలుతుంది. చట్టం కావాల్సినవి బోర్డ్ ఆఫ్ సూపర్‌వైజర్స్‌కి, అంటే మన కార్పొరేటర్ల కౌన్సిల్ లాంటి దానికి వెళ్తాయి.

అమెరికాలో ప్లాస్టిక్ సంచులను మొదట నిషేధించిన నగరం ఇదే, 2007లో. 2009 నుంచి ఇల్లయినా హోటలైనా చెత్తను మూడు రకాలుగా వేరు చేసి తీరాలి. నీలం డబ్బాలో కాగితాలు, సీసాలు. ఆకుపచ్చ దాంట్లో తిండి, ఆకులు. మిగిలింది నల్లడబ్బాలోకి. ఆకుపచ్చ డబ్బా సరుకు ఎరువై చుట్టుపక్కల పొలాలకు, ద్రాక్షతోటలకు పోతుంది.

నా ప్రశ్న సూటిగా ఒకటే. హైదరాబాద్, వైజాగ్, బెజవాడ, వరంగల్‌కి ఇలా చట్టబద్ధమైన కమిషన్ ఎందుకు ఉండకూడదు? వద్దనేవాళ్లు ఎందుకు వద్దో కూడా చెప్పండి.

దమ్మాయిగూడ_వాసి:

అన్నా, నువ్వు ఈసీఐఎల్ వాడివే కాబట్టి నగరం చెత్తంతా పోసే జవహర్‌నగర్ డంప్ గురించి నీకు కొత్తగా చెప్పేదేం లేదు. సాయంత్రం గాలి ఇటు తిరిగిందంటే కిటికీలు మూసుకోవాల్సిందే. ఆరేసిన బట్టలకు కూడా వాసన పడుతుంది. కొత్తగా ఇల్లు చూడటానికి వచ్చేవాళ్లను బ్రోకర్లు పొద్దున పూటే తీసుకొస్తారు, ఎందుకో నీకే అర్థమైతది.

ప్లాన్లు లేక కాదు ఇదంతా. 2015లో జీహెచ్ఎంసీ 22 లక్షల ఇళ్లకు రెండేసి చొప్పున 44 లక్షల డబ్బాలు పంచింది. తడికి ఆకుపచ్చ, పొడికి నీలం. మా ఇంట్లో నీలం డబ్బాలో ఇప్పటికీ బియ్యం పోసుకుంటున్నాం. పక్కింట్లో దాంట్లో మోటార్ నీళ్లు పట్టుకుంటారు. డంప్ మీద మట్టి కప్పి క్యాపింగ్ చేశారు, చెత్తతో కరెంటు తీసే 24 మెగావాట్ల ప్లాంటు పెట్టారు. మంచిదే, కాదనను. కానీ దానికి మండే చెత్త కావాలి. మనం పంపేదాంట్లో సగం అన్నం, కూరగాయ తొక్కలు, కొబ్బరిబోండాలు. డంప్ నుంచి కారిన నల్లనీళ్లతో మల్కారం చెరువు ఏమైందో చూసినవాళ్లకు తెలుసు.

జీహెచ్ఎంసీ, నగరాభివృద్ధి చూసే హెచ్ఎండీఏ, జలమండలి, కాలుష్య నియంత్రణ మండలి (పీసీబీ), 2024 నుంచి చెరువుల ఆక్రమణలు తీసేసే హైడ్రా. ఇంతమంది ఉండగా ఇంకో ఏడుగురికి కుర్చీలేసి టీలు ఇస్తే నా కిటికీ తెరుచుకుంటదా?

నల్లకాఫీ:

టీతో ఆగరు. ఇండోర్ స్టడీ టూర్, ఆ తర్వాత సింగపూర్ స్టడీ టూర్.

పాత_ఇన్‌స్పెక్టర్:

శానిటేషన్ విభాగంలో పనిచేసి రిటైరయినవాణ్ని. కమిషన్ కావాలా వద్దా అనే ముందు, కాగితం మీద మనకు ఇప్పటికే ఏమేం ఉన్నాయో చూడండి.

74వ రాజ్యాంగ సవరణ 12వ షెడ్యూల్‌లో చెత్త నిర్వహణ, పర్యావరణ రక్షణ రెండూ పురపాలక సంస్థల పనులుగానే రాసి ఉన్నాయి. 3 లక్షల జనాభా దాటిన ఊళ్లో వార్డు కమిటీలు ఉండాలని అదే సవరణ చెప్పింది. 2020లో జీహెచ్ఎంసీ చట్టం సవరించి ఒక్కో వార్డుకు నాలుగు కమిటీలన్నారు: యువత, మహిళలు, వృద్ధులు, ప్రముఖులు. బడ్జెట్‌లో 10 శాతం పచ్చదనానికే ఖర్చుపెట్టాలని కూడా అందులోనే పెట్టారు. ఇవి కాక 2002 నాటి జీవవైవిధ్య చట్టం ప్రకారం ప్రతి స్థానిక సంస్థకూ ఒక జీవవైవిధ్య నిర్వహణ కమిటీ ఉండాలి. 2004 నిబంధనల్లో అధ్యక్షుడు, మరో ఆరుగురికి మించని సభ్యులు, వాళ్లలో మూడోవంతు ఆడవాళ్లు అని ఉండేది. అంటే మీ శాన్ ఫ్రాన్సిస్కో లెక్కే, ఏడుగురు.

చాలా ఏళ్లు ఎవరూ వేయలేదు. జాతీయ హరిత ట్రిబ్యునల్ 2020 జనవరి 31 గడువు పెట్టి, దాటితే రాష్ట్రం నెలకు 10 లక్షలు కట్టాలనేసరికి దేశమంతా హడావిడిగా కమిటీలు పుట్టుకొచ్చాయి. ఇక్కడ రాస్తున్నవాళ్లలో ఒక్కరైనా మీ ఊరి కమిటీ సభ్యుడి పేరు చెప్పగలరా?

పని జరగదని నేననను. 2003 ప్రాంతంలో సూర్యాపేటలో వీధి కుండీలు తీసేసి, ఇంటి దగ్గరే తడి పొడి వేరు చేయించి తీసుకునేవారు. 2012 అక్టోబరులో వరంగల్‌లో వారం రోజుల పాటు క్లీన్ సిటీస్ చాంపియన్‌షిప్ అని పెడితే, వేరే మున్సిపాలిటీల సిబ్బంది వచ్చి ఇల్లిల్లూ తిరిగి వేరు చేయడం నేర్పారు. ఈ పనులు నడిచింది గట్టి ఆఫీసర్లు ఉన్నందువల్ల. ఆఫీసర్ బదిలీ అయితే ఏమవుతుందో మీరే ఊహించుకోండి.

సముద్రపుగాలి:

సార్, మీ చివరి మాటే నాకు కావాల్సిన పాయింట్. ఆఫీసర్ పోతే పని పోకుండా ఉండటానికే కదా చట్టంలో ఉండే సంస్థ కావాలనేది! జీవవైవిధ్య కమిటీ పని ప్రధానంగా ఊళ్లో ఉన్న చెట్లు, జంతువులు, వాటి గురించి జనానికి తెలిసినవన్నీ రిజిస్టర్‌లో రాయడం. చెత్త, ట్రాఫిక్ పొగ, కట్టడాల దుమ్ము దాని పరిధి కాదు. వార్డు కమిటీలేమో కార్పొరేటర్ గారి మనుషులతో నిండిపోతాయి. దమ్మాయిగూడ అన్నా, నువ్వు చెప్పిన ఐదు సంస్థల్లో ఏ ఒక్కటైనా నిన్ను పిలిచి, నీ ఎదురుగా కూర్చుని, నువ్వన్నది మినిట్స్‌లో రాసుకుందా? తేడా అక్కడుంది.

దమ్మాయిగూడ_వాసి:

రాసుకున్నంత మాత్రాన అవుతదా? 2020కల్లా చెత్త సున్నా చేస్తామని 2003లో తేదీ పెట్టింది మీ కమిషనే. అయిందా? కాలేదు. 2018లో లక్ష్యాన్ని మార్చుకున్నారు: 2030కల్లా మొత్తం చెత్త 15 శాతం, పూడ్చేది సగం తగ్గిస్తామని. పైగా మీ చెత్త ఎత్తే కంపెనీ జనం దగ్గర ఎక్కువ వసూలు చేసిందని తేలి 2021లో దాదాపు 10 కోట్ల డాలర్లు తిరిగివ్వడానికి ఒప్పుకుంది. ఏడుగురు కమిషనర్లు, 72 గంటల అజెండా ఉన్న ఊళ్లోనే ఇలా ఉంటే మన దగ్గర ఎట్లుంటదో చూస్కో.

మల్కాజిగిరి_మాలతి:

అందరూ పైనుంచి మాట్లాడుతున్నారు, ఒకసారి మా వీధి చెత్త ఆటో దగ్గర నిలబడి చూడండి. ఆటో పక్కల గోనెసంచులు వేలాడుతుంటాయి. డ్రైవర్ ఇళ్ల ముందు హారన్ కొడుతూ డబ్బాలు అందుకుంటాడు. అతని భార్య పైన చెత్తలోనే నిలబడి ఉంటుంది. కవర్ ముడి విప్పే టైమ్ ఉండదు, వేళ్లతో చీల్చేస్తుంది. పాలప్యాకెట్లు ఒక సంచిలోకి, అట్టపెట్టెలు ఇంకో దాంట్లోకి, సీసాలు కాళ్ల దగ్గరికి. సాంబారు కారుతున్న కవర్‌లోంచి వాటర్ బాటిల్ లాగి, మూత తీసి, అడుగున మిగిలిన నీళ్లు ఒంపేసి, నలిపి పడేస్తుంది. గ్లవ్స్ ఉంటాయి ఒక్కోసారి, ఒక చేతికి. డైపర్ తగిలితే మొహం తిప్పుకుని లోపలికి తోసేస్తుంది.

వాళ్ల సంపాదనలో ఆ సంచులదే పెద్ద భాగం. 2015లో స్వచ్ఛ ఆటోలు ఇచ్చినప్పుడు ఇంటికి నెలకు 50 రూపాయలన్నారు, ఆటో వాయిదాలు వాళ్లే కట్టుకోవాలి. 50 ఇవ్వడానికి కూడా "వచ్చే నెల చూద్దాంలే" అనే ఇళ్లు మా వీధిలోనే ఉన్నాయి. అలాంటప్పుడు పాత సామాను అమ్ముకోకపోతే వాళ్ల ఇల్లెలా గడుస్తుంది?

నేను మొదట్లో తడి పొడి విడిగానే ఇచ్చేదాన్ని. నీలం డబ్బాలోంచి అమ్ముడుపోయేది సంచుల్లోకి పోయేది. మిగతా కవర్లు, చిరిగిన గుడ్డలు, షాంపూ సాచెట్లు నా కళ్లముందే తడి చెత్త మీద పడేవి. కొనేవాడు లేడు కదా, పాపం అతను మాత్రం ఎక్కడ పెట్టుకుంటాడు? అది చూశాక మా మామగారు "ఎందుకమ్మా రెండు డబ్బాలు" అని నవ్వేవారు. వేరు చేసినది చివరిదాకా వేరుగా పోయే బండి, దాన్ని దించుకునే చోటు లేకుండా ప్రజల్లో చైతన్యం రావాలంటే నాకు ఒళ్లు మండుతుంది.

కమిషన్ వేయండి, నాకు అభ్యంతరం లేదు. అందులో ఆ ఆటోలో నిలబడే ఆవిడకు కుర్చీ ఉంటుందా? ఉంటే ఓటేస్తా.

బెజవాడ_బాబాయ్:

మా దగ్గర డబ్బుల కథ వినండి. 2021 అక్టోబరు 2న క్లాప్ (క్లీన్ ఆంధ్రప్రదేశ్) అని మొదలుపెట్టారు, మూడు రంగుల డబ్బాలు, కొత్త బండ్లు. దాంతోపాటే నెలనెలా చార్జీ, పెద్ద ఊళ్లలో ఇంటికి 120 రూపాయల దాకా. జనం దానికి చెత్త పన్ను అని పేరు పెట్టారు. కట్టకపోతే వార్డు సచివాలయం సిబ్బంది ఇంటి చుట్టూ తిరిగేవారు. ఇంటిపన్ను కడుతున్నాం, మళ్లీ ఇదేమిటని వీధి వీధినా గొడవ. ఎన్నికల్లో అదొక అంశమైంది. 2024 అక్టోబరు 2న, మళ్లీ గాంధీ జయంతి రోజే, బందరులో ఎత్తేస్తున్నట్టు ప్రకటించారు.

నేనూ సంతోషించినవాణ్నే. కానీ ఒక మాట. 2016 ఘన వ్యర్థాల నిబంధనల్లోనే యూజర్ ఫీజు పెట్టారు, అది ఏ పార్టీ సొంత ఆలోచనా కాదు. ఆ డబ్బు దేనికి పోతుందో వార్డులో బోర్డు పెట్టి లెక్క చూపించి ఉంటే ఇంత రచ్చ అయ్యేది కాదని నా అభిప్రాయం. కమిషన్ అంటూ ఉంటే దాని మొదటి పని ఆ లెక్క అడగడం.

నల్లకాఫీ:

ఇంత సెంటిమెంట్ అక్కర్లేదు. ఫైన్ వేయండి. ట్రాఫిక్ చలాన్ పడితే హెల్మెట్ పెట్టుకోవట్లేదా? కలిపి ఇచ్చిన ఇంటి చెత్త ఎత్తకండి, రెండో వారం దారికొస్తారు. దానికి కమిషన్ ఎందుకు, ఒక్క సర్క్యులర్ చాలు.

మల్కాజిగిరి_మాలతి:

ఎత్తకపోతే అది మీ ఇంట్లో ఉండదు బాబూ, రాత్రి పదకొండింటికి బైక్ మీద నాలా దగ్గరికి పోతుంది. కుండీలు తీసేశాక మా మలుపులో జరుగుతున్నదదే.

ఇంకొకటి. అపార్ట్‌మెంట్లలో వేరు చేసేది ఎవరనుకుంటున్నారు? పనిమనిషి. నాలుగిళ్లలో గిన్నెలు తోమే అమ్మాయికి ఐదో పనిగా ఇది తగిలిస్తారు, జీతం పైసా పెంచరు. ఫైన్ పడితే తిట్లు ఆమెకే. మగవాళ్లు ఇక్కడ మూడు రంగుల డబ్బాల గురించి వ్యాసాలు రాస్తారు, ఇంట్లో పెరుగు డబ్బా కడిగి పొడి చెత్తలో వేసినవాళ్లు ఎంతమందో చేతులెత్తండి చూద్దాం.

కోరమంగల_కిట్టు:

చెయ్యెత్తాను అక్కా, పెళ్లి కాలేదు కాబట్టి వేరే దారి లేదు.

బెంగళూరు అనుభవం ఒకటి చెప్తా. మండూరు ఊరివాళ్లు మీ చెత్త మా దగ్గర వద్దని లారీలు ఆపేసినప్పుడు ఈ నగరానికి బుద్ధొచ్చింది. ఆ తర్వాత హైకోర్టు జోక్యంతో రెండు డబ్బాలు ఒక సంచి పద్ధతి వచ్చింది. వార్డుల్లో పొడి చెత్త సేకరణ కేంద్రాలు పెట్టారు. వాటిలో చాలావాటిని ఒకప్పుడు రోడ్ల మీద చిత్తు ఏరుకున్నవాళ్లే నడుపుతున్నారు, వాళ్లకు పాలికె, అంటే ఇక్కడి కార్పొరేషన్, గుర్తింపు కార్డులు ఇచ్చింది. పుణేలో ఇంకా ముందు, 2008లోనే, చిత్తు ఏరేవాళ్ల సహకార సంఘం 'స్వచ్ఛ్' అక్కడి కార్పొరేషన్‌తో ఒప్పందం చేసుకుంది. ఇంటింటి దగ్గర తీసుకునేది వాళ్లే, ఫీజు వాళ్లకే, అమ్ముకునేదీ వాళ్లే. ఒప్పందం రెన్యువల్ వచ్చినప్పుడల్లా పెద్ద కంపెనీలకు ఇద్దామనే మాట లేస్తుంది, వాళ్లు మళ్లీ రోడ్డెక్కుతారు.

అందుకే మాలతి అక్క కుర్చీ మాటకు నా ఓటు. 2016 నిబంధనలు కూడా చిత్తు ఏరేవాళ్లను వ్యవస్థలో కలుపుకోమనే అన్నాయి. ఒక్కటే షరతు: ఆ కుర్చీలో కూర్చున్న రోజుకు ఆమెకు కూలి కట్టివ్వాలి. మీటింగ్ ఉన్న పూట ఆమె సంచి ఖాళీ కదా.

సముద్రపుగాలి:

దమ్మాయిగూడ అన్నా, 2020 లక్ష్యం తప్పిన మాట నిజమే. కానీ తప్పిందని నీకెలా తెలిసింది? వాళ్లు తేదీ రాసి పెట్టుకున్నారు కాబట్టి, లెక్క బయటపెట్టారు కాబట్టి. 44 లక్షల డబ్బాల్లో ఎన్ని వాడుకలో ఉన్నాయో జనం ముందు లెక్క చెప్పాల్సిన బాధ్యత ఎవరిది? ఎవరిదీ కాదు. నాకు కావాల్సింది ఆ బాధ్యత ఉన్న బల్ల. కిట్టు పెట్టిన షరతు కూడా అందులో కలుపుతున్నా.

పాత_ఇన్‌స్పెక్టర్:

కొత్త చట్టం కోసం కూర్చుంటే నా మనవళ్లు రిటైరవుతారు. ఉన్నదాన్ని కదిలిద్దాం. సమాచార హక్కు దరఖాస్తుకు ఫీజు 10 రూపాయలు, జవాబుకు గడువు 30 రోజులు. అడగాల్సింది మూడు ముక్కలు: జీవవైవిధ్య కమిటీ, వార్డు కమిటీల సభ్యుల పేర్లు, గత రెండేళ్లలో జరిగిన సమావేశాల మినిట్స్ నకళ్లు, 10 శాతం గ్రీన్ బడ్జెట్‌లో ఖర్చయిన మొత్తం, పద్దుల వారీగా. "ఎందుకు పెట్టలేదు" అని అడగొద్దు, కారణాలు చెప్పనక్కర్లేదని తిప్పి పంపుతారు. నకళ్లు అడగండి.

మల్కాజిగిరి_మాలతి:

నాలుగోది కూడా కలపండి సార్. వేరు చేసిన పొడి చెత్త మా వార్డు నుంచి ఏ కేంద్రానికి వెళ్తోంది, నెలకు ఎన్ని కిలోలు తూచారు.

దమ్మాయిగూడ_వాసి:

జవహర్‌నగర్ గేటు దగ్గర చెత్త లారీలు తూచే వేబ్రిడ్జ్ రికార్డు నేను అడుగుతా. కమిషన్ మీద నా అభిప్రాయం మాత్రం మారలేదు. నల్లకాఫీ, నువ్వేం అడుగుతున్నవ్?

నల్లకాఫీ:

స్టడీ టూర్ బిల్లులు.