బొగ్గుపులుసు గాలిని ‘ఎరువు’ అనొచ్చునా?

ప్రశ్న (తిరుపతి): రైతుల కోసం వేస్తున్న గోడపత్రిక ఒకటి దిద్దుతున్నాను. అందులో ఈ వాక్యం ఉంది: “గాలిలో బొగ్గుపులుసు వాయువు పెరగడమంటే చెనిక్కాయకు, వరికి, చెరుకుకు ఊరికే ఎరువు వేసినట్టే.” ఇంగ్లీషు వాళ్ల ‘కార్బన్ డయాక్సైడ్ ఫెర్టిలైజేషన్’కు ఇది తెలుగట. ఎరువన్న మాట ఇక్కడ పొసుగుతుందా? రెండోది, పెరిగిన జోరు కొన్నాళ్లకు తగ్గడాన్ని ‘అక్లిమేషన్’ అంటున్నారు. “పరిస్థితులకు అలవాటు పడుట” అని రాశారు గానీ పేలవంగా ఉంది.

పచ్చాకు: మొదట్లో ఎరువులాగే కనిపిస్తుందండీ. ఆకులో కార్బన్‌ను పట్టే ఎంజైము రుబిస్కో. గాలిలో ఆక్సిజన్ 21 శాతం, బొగ్గుపులుసు వాయువు 0.04 శాతమే. రెండూ ఆ ఎంజైములో ఒకే తావుకు పోటీపడతాయి. ఆక్సిజన్ తగులుకున్నప్పుడల్లా పట్టిన కార్బన్‌లో కొంత మళ్లీ గాలిపాలవుతుంది. 1958లో హవాయి దీవుల్లోని మౌనాలోవాలో కొలతలు మొదలైనప్పుడు 315 పిపిఎం (పది లక్షల్లో 315 వంతులు) ఉన్నది ఇప్పుడు 420 దాటింది కాబట్టి ఆ నష్టం కొంత తగ్గింది. ఆరుబయట చేలల్లోనే పైపులు వలయంగా పెట్టి 550–600కు పెంచిన ప్రయోగాల్లో వరి, గోధుమ లాంటి సీ3 జాతి మొక్కలు (గాలిలోని కార్బన్‌ను నేరుగా రుబిస్కోతోనే పట్టేవి) నిండు ఎండలో సగటున 30 శాతం దాకా ఎక్కువ కార్బన్ పట్టాయి. పత్రరంధ్రాలు కొంత ముడుచుకుని నీటి ఖర్చూ తగ్గింది.

అయితే చేనికి తోలే దిబ్బెరువులో నత్రజని, భాస్వరం, పొటాష్ ఉంటాయి. గాలి ఇచ్చేది కార్బన్ ఒక్కటే. అందుకే ‘ఎరువు’ నాకు మింగుడుపడదు.

పాత నిఘంటువు: ఎరువుకు ఇంకో అర్థం ఉంది కదా, అడిగి తెచ్చుకున్నది అని. “ఎరువు సొమ్ము బరువు చేటు” అన్న సామెతలోది అదే. అరువు, ఎరవు అన్నీ దాని చుట్టాలే. కొన్నాళ్లు మురిపించి పోయేదైతే మీ గోడపత్రికలో మాట తెలియకుండానే సరిగ్గా పడింది!

పచ్చాకు: చమత్కారం బాగుంది గానీ, మొక్క ఎవరికీ ఏమీ తిరిగివ్వడం లేదు సార్. జరిగేది వేరే. ఆకు చేసిన చక్కెర కాయకో, వేరుకో, గడ్డకో పోవాలి. పోయే చోటు లేకుంటే ఆకులోనే పిండిగా పేరుకుంటుంది. అప్పుడు రుబిస్కో తయారీ తగ్గించమని జన్యువులకు సంకేతం పోతుంది. ఆకులోని నత్రజనిలో పెద్ద వాటా రుబిస్కోదే. నేలలో నత్రజని కరువైతే ఈ తగ్గింపు ఇంకా గట్టిగా ఉంటుంది. అమెరికాలో ఓక్ రిడ్జ్ దగ్గర బొగ్గుపులుసు వాయువు పెంచి చూసిన స్వీట్‌గమ్ చెట్ల తోటలో మొదట 24 శాతంగా ఉన్న అదనపు పెరుగుదల 2008కి 9 శాతానికి దిగింది. నత్రజని చాలకే.

చిన్న కుండీలో పెంచి తీర్పు చెప్పేవాళ్లతో జాగ్రత్త. వేర్లు కుండీ గోడకు తగిలి చుట్టుకుపోతే చక్కెర పోయే దారి మూసుకుపోతుంది. అక్కడ కనిపించే తగ్గుదలలో కొంత కుండీ మహిమే.

ప్రశ్న (తిరుపతి): అయితే ‘మొద్దుబారడం’ అనవచ్చునా?

పచ్చాకు: వద్దు. ఎక్కువ బొగ్గుపులుసు గాలిలో పెరిగిన ఆకును తెచ్చి మామూలు గాలిలో కొలిస్తే మామూలు ఆకు కంటే వెనకబడుతుంది. అది పెరిగిన గాలిలోనే కొలవండి, మామూలు గాలిలో ఉన్న మామూలు ఆకును చాలావరకు ఇంకా మించే ఉంటుంది. మొద్దుబారినది అలా చేయదు. ఉన్న నత్రజనిని అవసరానికి తగ్గట్టు పంచుకుంది, అంతే.

పాత నిఘంటువు: అలాగైతే ‘సర్దుబాటు’ చాలు. ఇంట్లో ఉన్న డబ్బును ఇటుది అటు వేసుకోవడానికి వాడే మాటే. కొత్త సంస్కృత సమాసం అల్లే పని లేదు.

పచ్చాకు: నాకూ అదే నచ్చింది. ఇక పంటల సంగతి. చెరుకు, రాగి, జొన్న సీ4 జాతి. బొగ్గుపులుసు వాయువును అవి ముందే ఆకు లోపలి గదుల్లో కూడబెట్టి రుబిస్కోకు అందిస్తాయి. నీటి ఎద్దడిలో తప్ప వాటికి ఒరిగేది తక్కువ. చెనిక్కాయ వేరే కథ: వేరుబుడిపెల్లోని రైజోబియం తరహా బ్యాక్టీరియా చక్కెర తిని నత్రజని ఇస్తుంది కాబట్టి సర్దుబాటు తక్కువ. కానీ వాన ముఖం చాటేస్తే బుడిపెలు పని ఆపేస్తాయి. మన చిత్తూరు వానాధారపు చేలల్లో ఆ మాట చెప్పకుండా వదలకూడదు. వరిలో దిగుబడి పెరిగినా, 550 పిపిఎం పైన గింజలో మాంసకృత్తులు 8 శాతం దాకా, ఇనుము 5 శాతం దాకా తగ్గినట్టు తేలింది. ఇదీ రాయండి.

ప్రశ్న (తిరుపతి): ఇలా మార్చాను: “బొగ్గుపులుసు వాయువు పెరిగితే వరి, చెనిక్కాయ, చెరుకు మొదట జోరుగా పెరుగుతాయి. నత్రజని, నీళ్లు చాలకపోతే ఆకు సర్దుబాటు చేసుకుంటుంది, ఆ జోరు తగ్గుతుంది. వరి గింజలో పిండి మిగిలి మాంసకృత్తు పలచబడుతుంది.”

పచ్చాకు: ‘చెరుకు’ కొట్టేయండి. మిగతాది అచ్చుకు పంపొచ్చు.