రికవరీ నా పిన్‌ని తప్పు అంటోంది, ఫోన్ లోగో దాటట్లేదు. డేటా పోకుండా దారి ఉందా?

అర్ధరాత్రి_ఫ్లాషర్

నిన్న రాత్రి పదకొండింటికి మొదలుపెట్టిన పని తెల్లవారుజామున నాలుగైనా తెమల్లేదు. చేసిందంతా నేనే, ఎవర్నీ అనడానికి లేదు. ఉన్నదున్నట్టు చెప్తాను. తిట్టాలనిపిస్తే దారి చూపించాక తిట్టండి.

ఫోన్ ఆండ్రాయిడ్ 11తో వచ్చింది. బూట్‌లోడర్ (ఫోన్ ఆన్ కాగానే ముందు నడిచే ప్రోగ్రాం) అన్‌లాక్ చేసి రెండేళ్లయింది. ఇప్పుడున్నది ఆండ్రాయిడ్ 13 మీద కట్టిన ఒక కస్టమ్ రోమ్ (కంపెనీది కాని సిస్టమ్), మ్యాజిస్క్ అనే టూల్‌తో రూట్ (ఫోన్ మీద పూర్తి అధికారం), దాని మీద నడిచే చిన్న మార్పులు, అంటే మాడ్యూల్స్, నాలుగు. వాటిలో ఒకటి ఫాంటు మార్చేది. నిన్న రోమ్ నెలవారీ అప్‌డేట్ వస్తే సెట్టింగ్స్‌లోంచే వేశాను. రీబూట్ అయింది, బాగానే లేచింది, ఓ గంట వాడాను కూడా. రూట్ మాత్రం పోయింది. అది ప్రతి నెలా ఉండేదే.

ఇక్కడే బద్ధకించాను. కొత్త బూట్ ఇమేజ్ (ఫోన్‌ని లేపే భాగం ఫైల్) తీసి మ్యాజిస్క్‌తో ప్యాచ్ చేసే ఓపిక లేక, కంప్యూటర్లో ఉన్న పాత ప్యాచ్డ్ ఇమేజ్‌నే ఫాస్ట్‌బూట్‌లో (కంప్యూటర్ నుంచి బూట్‌లోడర్‌కి కమాండ్లిచ్చే పద్ధతి) ఫ్లాష్ చేశాను, అంటే ఫోన్‌లోకి ఎక్కించాను. అది రెండు నెలల కిందటిది. మ్యాజిస్క్ పెట్టే పేరులో దాని వెర్షన్ అంకె, కొన్ని అడ్డదిడ్డం అక్షరాలు తప్ప ఏ రోమ్‌దో ఏ తేదీదో ఉండదు కదా, ఏదో ఒకటిలే అనుకున్నా. ఫోన్ లోగో చూపించింది, ఒకసారి వణికింది, మళ్లీ లోగో. పది నిమిషాలు అదే వరస.

సరే రికవరీలోంచి (సిస్టమ్ లేవకపోయినా తెరుచుకునే రిపేర్ మెనూ) చూద్దామని, దాచుకున్న టీడబ్ల్యూఆర్‌పీ 3.6 అనే రికవరీ ఇమేజ్‌ని ఫ్లాష్ చేయబోయాను. రికవరీ అనే పార్టిషనే (స్టోరేజ్‌లో విడి గది) లేదంది. అయితే బూట్‌లోకే ఎక్కించేశాను. ఇప్పుడు పవర్ నొక్కితే నేరుగా టీడబ్ల్యూఆర్‌పీలోకే వస్తోంది, సిస్టమ్‌లోకి పొమ్మంటే తిరిగి తిరిగి మళ్లీ అక్కడికే.

రాగానే పాస్‌వర్డ్ అడుగుతోంది. నా ఆరంకెల పిన్ కొడితే ఒక్క క్షణం ఆలోచించి తప్పు అంటోంది. క్యాన్సిల్ కొట్టి లోపలికెళ్తే ఇంటర్నల్ స్టోరేజ్ 0 ఎంబీ. మౌంట్ లిస్టులో (ఏ పార్టిషన్ తెరవాలో ఎంచుకునే చోటు) డేటా పక్కన టిక్ పెడుతుంటే పడట్లేదు. వేలు పెట్టినప్పుడు మెరుస్తుంది, తీయగానే ఖాళీ.

ఫొటోలకు కాపీ ఉంది, వాటితో బాధ లేదు. నా టెన్షనంతా ఆథెంటికేటర్ యాప్ గురించి. పదకొండు అకౌంట్ల కోడ్లు అందులోనే ఉన్నాయి. బ్యాకప్ కోడ్లు రాసిపెట్టుకున్నది రెండింటికే. మెయిల్ తెరవాలంటే కోడ్ కావాలి, కోడ్ కావాలంటే ఈ ఫోన్ లేవాలి. తాళంచెవి పెట్టెలో పెట్టి పెట్టెకి తాళం వేసుకున్నట్టుంది నా పని.

డేటా పోయినట్టేనా? పిన్ ఎందుకు తీసుకోవట్లేదు? నూటికి నూరు పాళ్లు సరైన పిన్నే కొడుతున్నాను.

ఒక్క_క్లిక్

ఇందులో ఏముంది బ్రో. వైప్‌లోకెళ్లి ఫార్మాట్ డేటా, యెస్ అని టైప్ చెయ్, రీబూట్. ఇక పాస్‌వర్డ్ అడగదు. డేటా కావాలంటే దానికంటే ముందు లాక్ వివరాలుండే లాక్‌సెట్టింగ్స్ ఫైల్ ఎక్కడుందో వెతికి డిలీట్ చేసి చూడు. నా పాత ఫోన్లో అలాగే లాక్ ఎగిరిపోయింది.

పాత_కేబుల్

అయ్యా, ఆ రెండు పనుల్లో ఏదీ చెయ్యకండి. ఫోన్ టేబుల్ మీద పెట్టి ముందు ఇది చదవండి.

ఫార్మాట్ డేటా కొడితే పాస్‌వర్డ్ అడగదన్నది నిజమే. అడిగి తెరవడానికి లోపల ఏమీ మిగలదు కాబట్టి. నేను ఒకసారి ఇదే తెర ముందు, ఇదే వేళప్పుడు, యెస్ అని మూడక్షరాలు కొట్టాను. రెండు సెకన్లు పట్టింది. ఆ రెండు సెకన్ల సంగతి ఇక్కడ వద్దులెండి.

లాక్‌సెట్టింగ్స్ చిట్కా బాగా పాత ఫోన్లది. అప్పట్లో లాక్ అంటే గుమ్మానికి కర్టెన్, పక్కకు లాగితే అయిపోయేది. ఆండ్రాయిడ్ 7లో ఫైళ్ల స్థాయి ఎన్‌క్రిప్షన్ (ఫైళ్లను గుప్తంగా మార్చి దాచడం) వచ్చింది, ఆండ్రాయిడ్ 10తో మార్కెట్‌లోకి వచ్చే ఫోన్లకు దాన్ని తప్పనిసరి చేశారు. ఇప్పుడు మీ పిన్ తాళంచెవి తయారీలో ఒక ముడిసరుకు. ఆ ఫైళ్లు చెరిపితే తాళం ఊడదు, చెవి తయారయ్యే దారి మూసుకుపోతుంది. మీ ఫోన్లో డేటా అసలు మౌంటే కాలేదు గనక చెరపడానికి చేతికి దొరకదు. అదీ మన అదృష్టం.

మీ దగ్గర రెండు సమస్యలున్నాయి, మీరు ఒకటే అనుకుంటున్నారు.

ఒకటి, పిన్. ఏ కారణంతో డీక్రిప్ట్ కాకపోయినా ఆ రికవరీకి తెలిసిన మాట ఒక్కటే: పాస్‌వర్డ్ తప్పు. మీది 3.6, ఆండ్రాయిడ్ 11 నాటి పద్ధతులకు కట్టింది. మీ డేటాను ఇప్పుడు నడిపేది ఆండ్రాయిడ్ 13. పైగా చిప్ లోపలి తాళంచెవులు ఆండ్రాయిడ్ వెర్షన్‌తోనూ సెక్యూరిటీ ప్యాచ్ తేదీతోనూ ముడిపడి ఉంటాయి. వెనకటి తేదీ చెప్పుకుంటూ వచ్చిన రికవరీకి అవి చిక్కవు. ఆండ్రాయిడ్ 11తో వచ్చిన ఫోన్లలో ఫైళ్ల పేర్లూ ఫోల్డర్ల అమరికా కూడా గుప్తంగానే ఉంటాయి, అందుకే 0 ఎంబీ. సున్నా అంటే ఖాళీ అని కాదు, దానికి కనబడట్లేదని. ఇక పిన్ కొట్టడం ఆపండి. నిజంగానే చిప్ దాకా వెళ్లి తప్పుగా లెక్కపడుతుంటే, ప్రతిసారీ వేచి ఉండే సమయం పెరుగుతూ పోతుంది.

రెండు, లోగో దగ్గర తిరగడం. బూట్ ఇమేజ్‌లో ఉండేది కెర్నెల్, అంటే సిస్టమ్ గుండెకాయ. దానికి తోడుండే కెర్నెల్ మాడ్యూల్స్ మరికొన్ని వెండర్ వైపు (హార్డ్‌వేర్‌ని నడిపే ఫైళ్లుండే పార్టిషన్) ఉంటాయి. మ్యాజిస్క్ మాడ్యూల్స్‌కీ వీటికీ పేరు తప్ప చుట్టరికం లేదు. అన్నీ ఒకే అప్‌డేట్‌లోవైతేనే పొత్తు కుదురుతుంది. మీరు కొత్త వెండర్‌కి రెండు నెలల పాత కెర్నెల్‌ని జత చేశారు. అది తిరగబడింది. ఆ తర్వాత దాని మీద రికవరీ ఎక్కించారు, దాంతో బూట్ కూడా పోయింది.

కాబట్టి రికవరీతో కుస్తీ వదిలేయండి. డేటా తెరవాల్సింది రికవరీ కాదు, మీ సిస్టమే. దాన్ని లేపాలి. చెడింది ఒక్క బూట్ పార్టిషన్.

నిన్నటి అప్‌డేట్ జిప్ మళ్లీ దింపుకోండి. అచ్చంగా అదే తేదీది. చెక్‌సమ్ (ఫైల్ చెడకుండా దిగిందో లేదో చెప్పే కోడ్) సరిచూడండి. విప్పితే లోపల పేలోడ్ అని ఒక పెద్ద ఫైల్ ఉంటుంది. పేలోడ్ డంపర్ టూల్‌తో అందులోంచి బూట్ ఇమేజ్ ఒక్కటీ బయటకు తీయండి. టీడబ్ల్యూఆర్‌పీ రీబూట్ మెనూలోంచి బూట్‌లోడర్‌కి వెళ్లి, ముందు రెండు సంగతులు అడగండి: గెట్‌వార్ కరెంట్-స్లాట్ (ఏ, బీ అనే రెండు స్లాట్లలో ఇప్పుడు నడిచేది ఏదో), గెట్‌వార్ స్నాప్‌షాట్-అప్‌డేట్-స్టేటస్ (అప్‌డేట్ ఇంకా విలీనమవుతోందో లేదో). రెండోదానికి నన్ అని వస్తే బూట్ ఫ్లాష్ చేసి రీబూట్ చేయండి. మెర్జింగ్ అని వస్తే ఏమీ ముట్టుకోకుండా ఇక్కడికొచ్చి చెప్పండి.

రెండో స్లాట్‌లో పాత సిస్టమ్ ఉంటుంది, దానికి మారితే సరి అని ఎవరైనా చెప్పబోతారు. పాత రకం ఏ/బీ ఫోన్లలో అది పనిచేసేది. ఆండ్రాయిడ్ 11 నుంచి వర్చువల్ ఏ/బీ వచ్చింది. సిస్టమ్‌కి రెండు పూర్తి కాపీలుండవు. అప్‌డేట్ తేడాలు స్నాప్‌షాట్‌గా ఉంటాయి, కొత్త సిస్టమ్ ఒకసారి చక్కగా లేచాక వెనకాల విలీనమైపోతాయి. మీరు గంటసేపు వాడానన్నారు, అంటే వెనక్కి వెళ్లడానికి అటువైపు ఇల్లు లేదు. స్లాట్ మార్చొద్దు.

అర్ధరాత్రి_ఫ్లాషర్

చదివాక చేతులు కాస్త కుదుటపడ్డాయి. చేసింది చెప్తాను.

జిప్ దింపాను, చెక్‌సమ్ కలిసింది. బూట్ ఇమేజ్ 96 ఎంబీ వచ్చింది. నేను నిన్న ఎక్కించిన పాతదీ సరిగ్గా 96 ఎంబీయే! సైజు చూసి ఒకటేననుకున్న నా తెలివికి దండం.

బూట్‌లోడర్‌లోకి వెళ్లాక పావుగంట పోయింది. ఏ కమాండ్ ఇచ్చినా "వెయిటింగ్ ఫర్ ఎనీ డివైస్" అని కూర్చుంది. డ్రైవర్ తీసి మళ్లీ వేశాను, లాభం లేదు. చివరికి యూఎస్‌బీ 3 పోర్ట్‌లోంచి పీకి, మూల పడున్న పాత యూఎస్‌బీ 2 హబ్ ద్వారా పెడితే వెంటనే పలికింది. రాత్రి ఎలా పనిచేసిందో దేవుడికే తెలియాలి.

కరెంట్ స్లాట్ బీ. స్నాప్‌షాట్ స్టేటస్ నన్. బూట్ ఫ్లాష్ చేశాను. లోగో వచ్చింది. ఎప్పుడూ వణికే చోట వణకలేదు. యానిమేషన్ మొదలైంది. ఓ నిమిషానికి లాక్ స్క్రీన్ వచ్చి, ఫోన్ రీస్టార్ట్ అయింది గనక పిన్ ఇవ్వమంది. రాత్రి తప్పు అనిపించుకున్న అదే పిన్. కొట్టాను, వాల్‌పేపర్ కనబడింది.

వెంటనే ఆథెంటికేటర్ తెరిచాను. పదకొండూ ఉన్నాయి, పక్కన ముప్ఫై సెకన్ల గుండ్రం తిరుగుతోంది. మెయిల్‌లో మొదటి కోడ్ కొడితే తప్పు అంది. ప్రాణం పోయినంత పనైంది. చూస్తే ఫోన్ గడియారం ఏడు నిమిషాలు వెనక నడుస్తోంది. నెట్ ఆన్ చేసి టైమ్ సరి అయ్యాక తర్వాతి కోడ్ తీసుకుంది. మొత్తం పదకొండూ ఇంకో ఫోన్‌లోకి ఎక్స్‌పోర్ట్ చేశాను. బ్యాకప్ కోడ్లు కాగితం మీద రాస్తున్నాను, ఏడు అయ్యాయి.

ఇప్పుడు రూట్ సంగతి. ఈ కొత్త బూట్ ఇమేజ్‌నే మ్యాజిస్క్‌తో ప్యాచ్ చేసి ఫ్లాష్ చేస్తే చాలా?

పాత_కేబుల్

ఫ్లాష్ చెయ్యకండి, ముందు అరువు తెచ్చుకుని చూడండి. ఫాస్ట్‌బూట్ బూట్ కమాండ్‌తో ప్యాచ్డ్ ఇమేజ్‌ని ఒక్కసారికి నడపొచ్చు, పార్టిషన్‌లో ఏదీ మారదు. కొన్ని ఫోన్లు దాన్ని ఒప్పుకోవు, మీది ఒప్పుకుంటే అదృష్టం. టీడబ్ల్యూఆర్‌పీని కూడా రాత్రి అలాగే నడిపుంటే ఈ కథ సగమయ్యేది.

ఇంకోటి. పాత మ్యాజిస్క్ మాడ్యూల్స్ నాలుగూ డేటాలో అలాగే నిద్రపోతున్నాయి. రూట్ రాగానే లేస్తాయి. నాకు ఆ ఫాంటు దాని మీద అనుమానం.

అర్ధరాత్రి_ఫ్లాషర్

మీ నోట అన్నట్టే అయింది. ప్యాచ్డ్ ఇమేజ్‌తో లోగో దాటింది, యానిమేషన్ దగ్గర తిరుగుతూనే ఉంది. పవర్ నొక్కిపట్టి రీస్టార్ట్ చేస్తే మామూలు బూట్‌తో హాయిగా లేస్తోంది. సేఫ్ మోడ్‌కి వెళ్తే మాడ్యూల్స్ ఆగిపోతాయని చదివి, లేచిన ఫోన్‌ని సేఫ్ మోడ్‌లో పెట్టి మళ్లీ ప్రయత్నించాను. అదే తిరుగుడు.

పాత_కేబుల్

మామూలు బూట్‌తో సేఫ్ మోడ్‌కి వెళ్తే మ్యాజిస్క్ అక్కడ లేనేలేదు, మరి మాడ్యూల్స్‌ని ఆపేదెవరు? ప్యాచ్డ్ ఇమేజ్‌తోనే లేపండి. యానిమేషన్ మొదలవగానే వాల్యూమ్ తగ్గించే బటన్ నొక్కిపట్టి ఉంచండి. సేఫ్ మోడ్‌ని మ్యాజిస్క్ గుర్తిస్తే అన్ని మాడ్యూల్స్‌నీ డిజేబుల్ చేస్తుంది. తర్వాత మామూలుగా లేచినా ఆ గుర్తు అలాగే ఉంటుంది.

యూఎస్‌బీ డీబగ్గింగ్ ముందే ఆన్‌లో ఉండి, ఈ కంప్యూటర్‌ని అప్పట్లోనే అనుమతించి ఉంటే ఇంకో దారుంది: యానిమేషన్ తిరుగుతుండగా ఏడీబీ షెల్‌లోంచి (లేస్తున్న ఫోన్‌కి కంప్యూటర్ నుంచి కమాండ్లిచ్చే దారి) మ్యాజిస్క్ రిమూవ్-మాడ్యూల్స్ అనే కమాండ్. కానీ అది మాడ్యూల్స్‌ని తీసిపారేస్తుంది, సెట్టింగులు మళ్లీ చేసుకోవాలి.

అర్ధరాత్రి_ఫ్లాషర్

లేచింది! వాల్యూమ్ బటన్ మొదటిసారి ఆలస్యంగా నొక్కాను, రెండోసారి సరిపోయింది. కింద మూల సేఫ్ మోడ్ అని కనబడింది. రీబూట్ చేసి ప్యాచ్డ్ ఇమేజ్‌తో మళ్లీ లేపితే రూట్ ఉంది, మాడ్యూల్స్ నాలుగూ ఆఫ్‌లో ఉన్నాయి. ఒక్కోటీ ఆన్ చేసి రీబూట్ చేస్తూ వచ్చాను. మూడు బాగానే ఉన్నాయి. నాలుగోది ఫాంటు. దాన్ని ఆన్ చెయ్యకుండానే తీసేశాను. ఆ తర్వాతే ఇమేజ్‌ని ఫ్లాష్ చేశాను. ఫైల్ పేరులో రోమ్, తేదీ రెండూ పెట్టాను.

పాత_కేబుల్

బాగుంది. వచ్చే నెల అప్‌డేట్ అప్పుడు ఇంత తతంగం అక్కర్లేదు. అప్‌డేట్ ఎక్కాక రీబూట్ నొక్కకముందే మ్యాజిస్క్ యాప్‌లోకి వెళ్లండి. ఇన్‌స్టాల్ టు ఇన్‌యాక్టివ్ స్లాట్ అని ఉంటుంది, దాన్ని కొట్టి రీబూట్ చేస్తే రూట్ కూడా అప్‌డేట్‌తో పాటే వస్తుంది. రూట్ ఉన్నప్పుడే పర్సిస్ట్, ఈఎఫ్ఎస్ పార్టిషన్ల కాపీ కంప్యూటర్లోకి తీసి పెట్టుకోండి. మిగతావన్నీ జిప్‌లోంచి మళ్లీ తెచ్చుకోవచ్చు, వీటిలో ఉండే ఐఎంఈఐ, సెన్సర్ల కాలిబ్రేషన్ మాత్రం ఏ జిప్‌లోనూ దొరకవు.

ఒక్క_క్లిక్

లాక్‌సెట్టింగ్స్ సంగతి నాకు ఇంత తెలీదు. నా ఫోన్ ఆండ్రాయిడ్ 5 అప్పుడు. పైన నా పోస్ట్ చూసి ఇంకెవరూ చెయ్యకండి.

మధ్యలో దూరినందుకు సారీ, ఒక డౌట్. నాది ఇప్పుడు ప్యాటర్న్ లాక్. రికవరీ పాస్‌వర్డ్ అంటూ కీబోర్డ్ చూపిస్తే ఏం కొట్టాలి?

పాత_కేబుల్

తొమ్మిది చుక్కలకీ పై ఎడమ నుంచి వరసగా అంకెలు వేసుకోండి: పై వరస 1, 2, 3, మధ్య వరస 4, 5, 6, కింద వరస 7, 8, 9. మీ వేలు వెళ్లే దారిలో ఆ అంకెలు కొట్టాలి. ఎల్ ఆకారం అయితే 14789. రికవరీ మీ ఆండ్రాయిడ్ వెర్షన్‌కి కట్టింది అయితేనే సుమా.