ఫోటాన్‌కి ఎనర్జీ సరిపోయినా నీళ్ళ బాండ్ ఎందుకు తెగట్లేదు?

మత్తికెరె_కెమిస్ట్రీ:
బెంగళూరులో ఎమ్మెస్సీ చేస్తున్నా. రూములో వాటర్ ప్యూరిఫయర్ యూవీ లైటు 254 నానోమీటర్లది, ఒక్కో ఫోటాన్ (కాంతి రేణువు) ఎనర్జీ కోసం 1240ని 254తో భాగిస్తే సుమారు 4.9 ఎలక్ట్రాన్ వోల్టులు వస్తాయి, నీటిలో మొదటి ఓహెచ్ (ఆక్సిజన్-హైడ్రోజన్) బాండ్ తెగాలంటే 5.1 దాకా కావాలి కాబట్టి తెగదు, అంతవరకు ఓకే. కానీ ఇప్పుడు 222 లైట్లు కూడా వస్తున్నాయి కదా, వాటి ఫోటాన్‌కి 5.6 ఉంటుంది, మరి దానికీ నీళ్ళు విడిపోవు, ఎందుకు? ఎలక్ట్రాన్ ఎప్పుడు పోతుంది, బాండ్ ఎప్పుడు తెగుతుంది అని మా సీనియర్‌ని అడిగితే ఎనర్జీ ఎక్కువైతే ఎలక్ట్రాన్ పోతుంది అన్నాడు, అంతేనా అండి?

లేజర్_ల్యాబు:
ఫోటాన్ దగ్గర ఎనర్జీ ఉండటం వేరు, మాలిక్యూల్ దాన్ని మింగడం వేరు. మింగాలంటే లోపల ఎలక్ట్రాన్ ఎక్కడానికి పైన ఒక మెట్టు ఉండాలి, నీటికి ఆ మొదటి మెట్టు సుమారు 190 నానోమీటర్ల కంటే తక్కువలో గానీ మొదలవదు, అందుకే 222 నీళ్ళలోంచి దాటిపోతుంది. ఎక్కితే మాత్రం క్షణం ఆగదు, ఎందుకంటే ఆ స్థితిలో హైడ్రోజన్‌ని పట్టి ఉంచే గుంట లేదు, జారుడుబల్లే ఉంది, కొన్ని పదుల ఫెమ్టోసెకన్లలో (ఒక ఫెమ్టోసెకను అంటే సెకనులో పది కోట్ల కోట్లవ వంతు) హెచ్ ఒకవైపు, ఓహెచ్ ఒకవైపు. ఇలాంటి తెగడాన్ని జరుగుతుండగానే చూసే పద్ధతికే అహ్మద్ జెవాయిల్ అనే కెమిస్ట్‌కి 1999లో నోబెల్ వచ్చింది.

అడయార్_నుంచి:
మీ సీనియర్ చెప్పింది సగమే నిజం. సూర్యుడి నుంచి లైమన్ ఆల్ఫా అని 121.6 నానోమీటర్ల లైటు వస్తుంది, ఫోటాన్‌కి 10.2 ఎలక్ట్రాన్ వోల్టులు. పై వాతావరణంలో అదే ఫోటాన్ నీటికి తగిలితే బాండ్ తెగుతుంది, నైట్రిక్ ఆక్సైడ్‌కి తగిలితే ఎలక్ట్రాన్ ఊడుతుంది! నీళ్ళ నుంచి ఎలక్ట్రాన్ లాగాలంటే 12.6 కావాలి, నైట్రిక్ ఆక్సైడ్‌కి 9.3 చాలు, దాని జతలేని ఎలక్ట్రాన్ కొంచెం వదులుగా ఉంటుంది. రేడియో తరంగాలు పగటిపూట బలహీనపడేది ఈ ఎలక్ట్రాన్ల వల్లే, 60 నుంచి 90 కిలోమీటర్ల ఎత్తులో ఉండే డీ లేయర్ అదే. కాబట్టి లైటు ఒక్కదాన్నే చూసి ఏం జరుగుతుందో చెప్పలేం. నీటిలో 12.6 దాటాక కూడా రెండూ పోటీ పడతాయి, కొన్ని ఫోటాన్లకి ఎలక్ట్రాన్ పోకుండా ముక్కలే అవుతుంది.

లేజర్_ల్యాబు:
ఒకటి మర్చిపోయా. మీ ల్యాబులో అల్ట్రాప్యూర్ వాటర్ మిషన్ ఉంటే చూడండి, చాలావాటిలో 185 నానోమీటర్లు కూడా వదిలే క్వార్ట్జ్ లైటు ఉంటుంది, అది నిజంగానే నీళ్ళని తెంపుతుంది, వచ్చిన ఓహెచ్ మిగిలిన ఆర్గానిక్స్‌ని తినేస్తుంది. అయినా ద్రవంలో చుట్టూ ఉన్న నీళ్ళు కదలనివ్వక చాలా ముక్కలు మళ్ళీ కలిసిపోతాయి. ఇంట్లో లైటు మాత్రం కవర్ తీసి చూడకండి, 254 అయినా కళ్ళకి ప్రమాదమే.

మత్తికెరె_కెమిస్ట్రీ:
అదే ఫోటాన్‌కి రెండు రకాలుగా అవుతుందంటే ఇప్పుడు అర్థమైంది అండి, చాలా థాంక్స్. రేపే ల్యాబులో ఆ మిషన్ లైటు 185దేనా అని అడుగుతా.