తక్కువ ఖర్చులో హాలుకు నిండుదనం రావాలంటే ముందు దేని మీద పెట్టాలి?

కొత్తచిగురు:

అందరికీ నమస్కారం. పగలగొట్టే పనులు, ఫాల్స్ సీలింగు, కొత్త ఫర్నిచరు లేకుండా ఇల్లు చూడగానే కాస్త దర్జాగా అనిపించేలా చేసుకోవాలనుకుంటున్నాం. మీరు లెక్కగా చెప్పడానికి వీలుంటుందని కొలతలు ఇస్తున్నాను.

హాలు 4.2 × 3.3 మీటర్లు, సీలింగు ఎత్తు 2.75 మీటర్లు. వెలుతురుకు సీలింగుకు దగ్గర్లో ఒక్క తెల్లటి ట్యూబులైటే ఉంది. కిటికీ వెడల్పు 150 సెం.మీ., పై అంచు నేల నుంచి 210 సెం.మీ. ఎత్తులో ఉంది. కర్టెను కిటికీ అడుగు దాటి ఓ జానెడు కిందికి వచ్చి ఆగిపోతుంది. సోఫా పొడవు 2.1 మీటర్లు, దాని ముందు 120 × 180 సెం.మీ. కార్పెట్. ఒక గోడకు అడుగున రంగు బుడగలు కట్టింది. కిచెన్ కప్‌బోర్డులు గట్టిగానే ఉన్నాయి కానీ తలుపులు ఎత్తుపల్లాలుగా ఉన్నాయి, హ్యాండిళ్లు వెలిసిపోయాయి. బాత్రూములో వాష్‌బేసిన్ అంచున సిలికాన్ నల్లబడింది.

దేనితో మొదలుపెట్టాలి? కర్టెన్లకు గుడ్డ ఎంత కావాలి? ఎల్‌ఈడీ స్ట్రిప్పులు చాలా ఇళ్లలో చుక్కలు చుక్కలుగా దుకాణంలా కనిపిస్తాయి, అలా కాకుండా ఎలా పెట్టాలి?

వెలుగునీడ:

మీ వివరాల్లో అన్నిటికన్నా ఎక్కువ మార్పు తెచ్చేది ఆ ట్యూబులైటేనండీ. దాని వెలుగు రంగు బహుశా 6500 కెల్విన్ ఉంటుంది, ఈ అంకె తగ్గేకొద్దీ వెలుగు పసుపువైపు తిరుగుతుంది. పైనుంచి ఒకే చోట నుంచి పడే ఆ తెల్ల వెలుగులో మంచి గుడ్డ కూడా వెలిసినట్టు కనిపిస్తుంది, గోడ మీది ప్రతి గీతా బయటపడుతుంది. దాన్ని తీసేయక్కర్లేదు. ఇల్లు ఊడ్చి తుడిచేటప్పుడు పనికొస్తుంది. సాయంత్రం మాత్రం అది ఆపేసి, మూడు నాలుగు చోట్ల నుంచి వెలుగు వచ్చేలా చూసుకోండి.

మీ హాలు దాదాపు 14 చదరపు మీటర్లు. అన్ని దీపాలూ కలిపి 2000 నుంచి 2500 ల్యూమెన్లు (వెలుగు ఎంతో చెప్పే కొలత) చాలు. సోఫా పక్కన నిలబెట్టే దీపం ఒకటి 800 ల్యూమెన్లు, టేబుల్ దీపాలు రెండు 450 చొప్పున, మిగతాది స్ట్రిప్పు. అన్నీ 2700 కెల్వినో, అన్నీ 3000 కెల్వినో ఉండాలి. ఒకటి పసుపు, ఒకటి తెలుపు కలిస్తే ఎంత మంచి దీపమైనా అతుకులబొంతలా ఉంటుంది. డబ్బా మీద సీఆర్‌ఐ అంకె కూడా చూడండి, ఆ వెలుగులో రంగులు ఎంత సహజంగా కనిపిస్తాయో అది చెప్తుంది. 90 కంటే తక్కువైతే చెక్క రంగు, ఒంటి రంగు పాలిపోయినట్టు కనిపిస్తాయి. సోఫాలో కూర్చున్నప్పుడు దీపం గొడుగు కింది అంచు కంటి ఎత్తుకు రావాలి. అంతకంటే పైన ఉంటే లోపలి బల్బు కళ్లలో పొడుస్తుంది.

ఇక స్ట్రిప్పు సంగతి. చుక్కలు కనపడటానికి కారణాలు రెండు: ఎల్‌ఈడీ గింజల మధ్య దూరం ఎక్కువ ఉండటం, స్ట్రిప్పు నేరుగా కంటికి కనపడేలా అంటించడం. గింజలు పక్కపక్కనే ఒత్తుగా ఉండే సీఓబీ రకం తీసుకుంటే వెలుగు ఒకే గీతలా వస్తుంది. దాన్ని గోడకు నేరుగా అంటించకుండా, పాలరంగు మూత ఉన్న అల్యూమినియం ప్రొఫైల్లో పెట్టండి. స్ట్రిప్పు వెనక ఉండే జిగురు గోడ మీద నిలవదు, కొన్నాళ్లకు ఊడి వేలాడుతుంది. పైగా స్ట్రిప్పుకు పుట్టే వేడిని ఆ అల్యూమినియమే లాగేస్తుంది, ఆయుష్షు పెరుగుతుంది.

12 వోల్టుల స్ట్రిప్పుకు ఒకవైపు నుంచే కరెంటిస్తే 5 మీటర్ల చివర మసకబారుతుంది. 24 వోల్టులదే తీసుకోండి. మీటరుకు 10 వాట్ల స్ట్రిప్పు 5 మీటర్లంటే 50 వాట్లు. డ్రైవరు (ఇంటి కరెంటును 24 వోల్టులకు మార్చే డబ్బా) 60 వాట్లకు తగ్గకూడదు, 75 అయితే నిశ్చింత. సరిగ్గా 50 పెడితే అది ఎప్పుడూ పూర్తి బరువు మోస్తూ వేడెక్కి త్వరగా పోతుంది. డ్రైవరును గాలి ఆడేచోట, చెయ్యి అందేలా ఉంచండి. స్ట్రిప్పు మీద కత్తెర గుర్తున్న చోటే కోయాలి.

పెట్టే చోటు కూడా ముఖ్యమే. అల్మరా పైన వెనక్కి జరిపో, కర్టెను రాడ్డును కప్పే పెట్టె (పెల్మెట్) లోపలో, టీవీ వెనకో పెట్టండి. వెలుగు గోడ మీద పడాలి, దీపం మాత్రం ఎక్కడుందో కనపడకూడదు. కిచెన్ కప్‌బోర్డుల కింద పెట్టాలనుకుంటే ముందు అంచున పెట్టి, వెలుగు వెనక గోడవైపు వాలేలా తిప్పండి. నున్నటి రాతి గట్టు అద్దంలా పనిచేస్తుంది కాబట్టి అక్కడ మూత లేని స్ట్రిప్పు పెడితే చుక్కలన్నీ గట్టు మీద కనిపిస్తాయి.

కుట్టుసూది:

కర్టెన్ల లెక్క నేను చెప్తాను.

రాడ్డు కిటికీ అంచున కాకుండా నేల నుంచి 255 సెం.మీ. ఎత్తులో బిగించండి. మీ సీలింగుకు 20 సెం.మీ. కింద అన్నమాట. అప్పుడు కన్ను కిటికీ ఎత్తును గాక గోడ ఎత్తును చూస్తుంది, గది పొడుగ్గా అనిపిస్తుంది. కిటికీకి అటూ ఇటూ 25 సెం.మీ. చొప్పున రాడ్డు బయటికి రావాలి. కర్టెను తీసినప్పుడు గుడ్డ గోడ మీదకి వెళ్లిపోయి కిటికీ మొత్తం తెరుచుకుంటుంది. అంటే రాడ్డు 200 సెం.మీ.

గుడ్డ వెడల్పు రాడ్డుకు కనీసం రెట్టింపు ఉండాలి. కర్టెను వెలవెలబోవడానికి అసలు కారణం చౌక గుడ్డ కాదు, చాలని గుడ్డ. మూసినప్పుడు దుప్పటిలా చదునుగా నిలబడితే ఎంత ఖరీదైనదైనా లాభం లేదు. మీకు 400 సెం.మీ. కావాలి. గుడ్డ పన్నా 137 సెం.మీ. అనుకుంటే మూడు పన్నాలకు 411 వస్తుంది, సరిపోతుంది. ఒక్కో రెక్కకు పన్నాన్నర. అతుకు వేసేటప్పుడు సగం పన్నా గోడవైపుకు రావాలి, అప్పుడు కుట్టు మడతల్లో కలిసిపోతుంది.

పొడవు: కుట్టు అయ్యాక 254 సెం.మీ., అంటే నేలకు ఒక్క సెంటీమీటరు పైన. అడుగు మడతకు 10 సెం.మీ. చొప్పున రెండుసార్లు, మొత్తం 20. పైన 10. నూలు గుడ్డ ఉతికితే 3 నుంచి 5 శాతం కుంచించుకుంటుంది కాబట్టి ఇంకో 15. మొత్తం ఒక్కో పన్నాకు దాదాపు 3 మీటర్లు. మూడు పన్నాలకు 9 మీటర్లు. పెద్ద పువ్వులో, గళ్లో ఉన్న గుడ్డయితే అతుకు దగ్గర డిజైను కలవడానికి, మొదటిది తప్ప ప్రతి పన్నాకూ ఒక డిజైను పొడవు అదనంగా తీసుకోండి.

గుడ్డను కోయకముందే ఉతికి ఆరబెట్టండి. తర్వాత పైభాగం కుట్టి, అడుగు అంచు టాకాలు వేసి ఒక వారం వేలాడదీయండి. నూలు, లినెన్ బరువుకు కొంచెం సాగుతాయి. సాగిన తర్వాత కొలిచి అంచు కుట్టిస్తే రెండు రెక్కలూ ఒకే గీతలో నిలుస్తాయి. తొందరపడి ముందే కుట్టించేస్తే ఒక రెక్క నేల మీద ఈడుస్తుంది, ఇంకోటి తేలుతుంది.

లైనింగు తప్పకుండా వేయించండి. ఎండకు రంగు వెలవదు, మడత నిండుగా పడుతుంది, మామూలు గుడ్డ కూడా బరువైనదానిలా వేలాడుతుంది. రింగులు గుచ్చే రకమైతే రింగులు సరిసంఖ్యలో ఉండాలి. బేసి అయితే ఒక అంచు గోడవైపు తిరిగితే రెండోది గదిలోకి తిరుగుతుంది.

2 మీటర్ల రాడ్డుకు నడుమ కూడా బ్రాకెట్ పెట్టాలి, లేకపోతే ఆ బరువుకు కుంగుతుంది. రెక్కలు రెండు కాబట్టి నడిమి బ్రాకెట్ అడ్డురాదు. కిటికీ పైన కాంక్రీటు దూలం (లింటెల్) తగిలితే మామూలు డ్రిల్లుతో పని జరగదు, హ్యామర్ డ్రిల్లు కావాలి.

రంపంపొట్టు:

పైన ఇద్దరూ చెప్పినవి బాగున్నాయి కానీ వరస మార్చాలి. ముందు ఆ బుడగలు కట్టిన గోడ. దాన్ని వదిలేసి కర్టెన్లు, దీపాలు పెడితే గోడ మీద వాలే కొత్త వెలుగు ఆ బుడగలనే ఎత్తి చూపిస్తుంది.

చెమ్మ గోడ లోపల నుంచి వస్తోందా, గది గాలిదా తేల్చుకోండి. 45 సెం.మీ. చదరం పాలిథీన్ షీటును ఆ గోడకు నాలుగు వైపులా టేపుతో గాలి చొరకుండా అంటించి 24 గంటలు ఉంచండి. షీటు లోపలివైపు నీటి బొట్లుంటే చెమ్మ గోడలోంచి వస్తోంది. పైవైపు ఉంటే గదిలో గాలి ఆడటం లేదు. మొదటిదైతే పైపు లీకో, బయటి గోడ పగులో, నేల నుంచి ఎక్కుతున్న తేమో కనుక్కుని ఆపేవరకు రంగు జోలికి వెళ్లొద్దు. చెమ్మ మీద వేసిన ఏ రంగైనా మళ్లీ పొంగుతుంది.

ఆరాక, ఊడే రంగంతా గీకి, తెల్లటి ఉప్పు పొడి ఉంటే పొడి బ్రష్షుతోనే దులపండి. తడిగుడ్డతో తుడిస్తే ఉప్పు కరిగి మళ్లీ గోడలోకే పోతుంది. తర్వాత పుట్టీ, అది ఆరాక 180 నంబరు సాండ్‌పేపరు, దుమ్ము తుడిచి ప్రైమరు, రంగు రెండు చేతులు. పుట్టీ మీద ప్రైమరు లేకుండా నేరుగా రంగు వేస్తే పుట్టీ నీళ్లు పీల్చేసి మచ్చలు మచ్చలుగా ఆరుతుంది. మ్యాట్ రంగే వేయండి. మెరుపు రంగు వేస్తే ఖరీదుగా ఉంటుందనుకుంటారు గానీ అది గోడ వంకరలన్నీ చూపిస్తుంది. మాస్కింగ్ టేపు రంగు పూర్తిగా ఆరకముందే వంచి లాగాలి, ఆరాక లాగితే అంచు చిరుగుతుంది.

కప్‌బోర్డు తలుపులకు ఖర్చే లేదు, స్క్రూడ్రైవరు చాలు. గిన్నె రకం హింజిలైతే తలుపుకు దగ్గరగా ఉన్న స్క్రూ తిప్పితే తలుపు పక్కలకు జరుగుతుంది. వెనకది లోపలికి బయటికి. పలకను డబ్బాకు బిగించిన స్క్రూలు వదులు చేస్తే పైకి కిందికి. పై హింజీ, కింది హింజీ రెండూ పావు తిప్పు చొప్పున మార్చుకుంటూ తలుపుల మధ్య సందు అంతటా 2 నుంచి 3 మి.మీ. వచ్చేలా చేయండి. అరగంట పనికి కిచెన్ కొత్తదిలా అవుతుంది. ఈ పని చేయకుండా హ్యాండిళ్లు మార్చినా తేడా తెలియదు.

హ్యాండిళ్లు కొనేముందు స్క్రూ రంధ్రాల నడుమ దూరం కొలవండి. ఎక్కువగా 96, 128, 160 మి.మీ. ఉంటాయి. అదే కొలతది తెస్తే కొత్త రంధ్రం అక్కర్లేదు. వేరే కొలత కావాలంటే పాత రంధ్రాలు మూసేలా వెనక పలక ఉన్నది చూడండి. మెరిసే లామినేట్ మీద పూడ్చిన రంధ్రం ఎంత చేసినా కనిపిస్తుంది. కొత్త రంధ్రానికి 5 మి.మీ. బిట్, పైన మాస్కింగ్ టేపు, వెనక ఒక చెక్కముక్క గట్టిగా పట్టుకోవాలి, లేదంటే బిట్ బయటికొచ్చే వైపు లామినేట్ పెచ్చులూడుతుంది. 18 మి.మీ. తలుపుకు 25 మి.మీ. స్క్రూ సరిపోతుంది. డ్రాయరుకు ముందు పలక రెండు పొరలుంటుంది, దానికి వేరే పొడవు కావాలి.

సిలికాన్ విషయం: పాతదాని మీద కొత్తది పూయొద్దు, అతుక్కోదు. బ్లేడుతో కోసి మొత్తం తీసి, ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి, ఒక రోజు పూర్తిగా ఆరనివ్వండి. రెండువైపులా టేపు వేసి 5 మి.మీ. సందులో ఆపకుండా ఒకే గీతగా వదిలి, సబ్బునీళ్లలో ముంచిన వేలితో ఒక్కసారే నునుపు చేసి, పొర కట్టకముందే టేపు తీసేయండి. 24 గంటలు నీళ్లు తగలకూడదు. వెనిగర్ వాసన వచ్చే సిలికాన్ పాలరాయిని తింటుంది, రాతి దగ్గర రాయికి పనికొస్తుందని రాసి ఉన్న న్యూట్రల్ రకమే వాడాలి.

కొత్తచిగురు:

చాలా థాంక్సండీ అందరికీ. షీటు పరీక్ష ఈరోజే పెడుతున్నాను. రెండు సందేహాలు. స్విచ్‌బోర్డులో పాత ఫ్యాన్ రెగ్యులేటరు లాంటి డిమ్మరు ఒకటుంది, అది ఈ దీపాలకు పనికొస్తుందా? కార్పెట్ ఉన్నదే ఉంచుకోవచ్చా?

వెలుగునీడ:

ఫ్యాన్ రెగ్యులేటరయితే దీపాలకు అసలు వాడొద్దు. పాత ఫిలమెంటు బల్బుల డిమ్మరయినా పనికిరాదు, దానికి కనీస లోడు ఎక్కువ కావాలి. రెండు ఎల్‌ఈడీలు కలిపినా 15 వాట్లు దాటవు కాబట్టి రెపరెపలాడతాయి, సన్నగా గుంయ్‌మంటాయి. బల్బు డబ్బా మీద డిమ్మబుల్ అని ఉండాలి, డిమ్మరు ఎల్‌ఈడీల లాంటి తక్కువ లోడుకు సరిపడే ట్రెయిలింగ్ ఎడ్జ్ రకం ఉండాలి, రెండూ కలిస్తేనే సాఫీగా తగ్గుతుంది. స్ట్రిప్పుకు వేరే లెక్క: డిమ్మరు డ్రైవరుకూ స్ట్రిప్పుకూ మధ్య పెట్టే 24 వోల్టులది. బోర్డు విప్పే పనేదైనా మెయిన్ ఆపి, టెస్టరుతో చూసుకున్నాకే.

కుట్టుసూది:

కార్పెట్ చిన్నదండీ. 2.1 మీటర్ల సోఫా ముందు 180 సెం.మీ. కార్పెట్ వేస్తే సోఫా పొంగిపోయినట్టు, గది ఇరుకైనట్టు ఉంటుంది. సోఫాకు అటూ ఇటూ కనీసం 15 సెం.మీ. బయటికి రావాలి, సోఫా ముందుకాళ్లు దాని మీద నిలవాలి. మీ హాలుకు 200 × 300 సరిపోతుంది. కొనేముందు ఆ కొలతకు నేల మీద మాస్కింగ్ టేపు అంటించి రెండు రోజులు అటూ ఇటూ నడిచి చూడండి, తలుపు తగులుతుందేమో కూడా తెలుస్తుంది. పెద్దది ఇప్పుడే వద్దనుకుంటే సాదా జనపనారది పెద్ద సైజు కింద వేసి, ఉన్నదాన్ని దాని మీద పరచండి. రెండింటి మధ్యా జారకుండా రబ్బరు జాలీ వేయాలి, దాన్ని కార్పెట్ కంటే అన్నివైపులా 3 సెం.మీ. లోపలికి కత్తిరించండి, అంచున కనపడదు. జనపనార చెమ్మ పడితే మచ్చ పడుతుంది, కాబట్టి ఆ గోడ పని తేలేవరకు అటువైపు పరచకండి.