లంక గ్రామాల బడుల నిర్వహణను మండల స్థాయిలో ఎలా చక్కదిద్దుకోవాలి?

అందరికీ నమస్కారం. నేను కోనసీమలోని ఒక లంక గ్రామంలో ప్రభుత్వ ప్రాథమిక పాఠశాల తల్లిదండ్రుల కమిటీ సభ్యుణ్ణి. మా ప్రధానోపాధ్యాయురాలు ఎంతో శ్రద్ధ గల మనిషి. అయినా పిల్లల హాజరు, మధ్యాహ్న భోజనం, కోడిగుడ్ల లెక్క ఫోన్ యాప్‌లో వేర్వేరుగా నమోదు చేసి, అవే వివరాలను మళ్లీ రిజిస్టర్లలో రాసేసరికి ఆవిడకు ఉదయపు పాఠం చెప్పే సమయం మిగలడం లేదు. సిగ్నల్ అందని రోజున ఫోన్ పట్టుకుని ఏటిగట్టు మీదికి వెళ్లి నిలబడితే, ఆ కాసేపూ రెండు తరగతుల పిల్లలను ఒక్క ఉపాధ్యాయుడే చూసుకోవాలి.

జనగణన, విపత్తు సహాయం, ఎన్నికల పనులకు తప్ప ఉపాధ్యాయులను బోధనేతర పనులకు వాడకూడదని 2009 విద్యాహక్కు చట్టం 27వ సెక్షన్ చెబుతోంది గానీ, బడిలోనే పుట్టే ఈ రాతపని ఆ లెక్కలోకి రావడం లేదు. నా దృష్టిలో అసలు నష్టం ఇక్కడే జరుగుతోంది.

స్కూల్ కాంప్లెక్స్ (చుట్టుపక్కల బడులను కలిపిన సమూహం) పరిధిలోని బడులన్నింటికీ కలిపి ఒక గుమాస్తాను పెట్టుకున్నవారు, లేదా మరమ్మతులను ఉమ్మడిగా చేయించుకున్నవారు ఎవరైనా ఉన్నారా? జీతం ఏ నిధి నుంచి ఇచ్చారు, మండల విద్యాశాఖాధికారి అనుమతి ఎలా తీసుకున్నారు? గోదావరికి వరద వచ్చినప్పుడు బియ్యం బస్తాలు బల్లల మీదికి ఎక్కించి బడి మూసేస్తాం. పోయిన పనిదినాలను ఎలా భర్తీ చేసుకోవాలో కూడా దయచేసి చెప్పండి. చట్టంలోని 22వ సెక్షన్ ప్రకారం మేము తయారుచేయాల్సిన పాఠశాల అభివృద్ధి ప్రణాళికలో వీటిని ఎలా రాయాలో నమూనా ఉంటే పంపగలరు.